బ్రేకక్క కారులో గంట

మా వీధిలో చెప్పులు బాగుచేసే అతను ఒకసారి నవ్వుతూ చెప్పాడు. బ్రేకక్క తెచ్చే జతలో ఒక చెప్పు కొన్ననాటిలాగే ఉంటుందట, రెండోది మాత్రం బొటనవేలి కింద బొక్క పడి ఉంటుందట. పడదా మరి? డ్రైవింగ్ నేర్పే మనిషి. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర బిగించిన రెండో బ్రేకు మీద రోజంతా ఒక కాలు ఆనించే ఉంటుంది. కారు దిగాక కూడా ఆ కాలు ఆమె మాట వినదు. నా కుట్టుమిషను కాస్త జోరుగా తిరిగితే చాలు, స్టూలు మీద కూర్చున్న అక్క కాలు నేలను తొక్కేస్తుంది. ఎవరైనా గబగబా మాట్లాడినా అంతే. అందుకే ఆ పేరు. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. అసలు పేరు అడిగితే వీధిలో సగంమంది తెల్లమొహం వేస్తారు.

నా దుకాణం ఆమె డ్రైవింగ్ స్కూలుకి సరిగ్గా ఎదురు. నేను బట్టలు కుడతాను, మధ్యమధ్యలో కిటికీలోంచి వీధి చూస్తాను. నిజం చెప్పాలంటే నాకు శ్రద్ధ రెండో పని మీదే. పరాయివాళ్ల సంగతులంటే చెవికోసుకుంటానని మా ఆయన దెప్పుతుంటాడు. దెప్పనీ, ఆయన మాత్రం రాత్రి భోజనం దగ్గర అవన్నీ వినకుండా లేస్తాడా? అలా చూసీ చూసీ, యాభై దాటాక నాకూ కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది.

అక్క కారులో ఒక విచిత్రం ఉంది. ఆ రెండో బ్రేకు పెడలుకి చిన్న ఇత్తడి గంట వేలాడుతుంటుంది. అక్క తొక్కితే ఖంగుమంటుంది.

"ఇదెందుకక్కా?" అని మొదటిరోజే అడిగాను.

"కారు ఆగిందనుకో. నువ్వు ఆపావా, నేను ఆపానా? గంట లేకపోతే ప్రతివాళ్లూ తామే ఆపామనుకుంటారు. అలా అనుకునేవాణ్ణి రోడ్డు మీదికి వదిలితే ఇంకేమైనా ఉందా? గంట మోగిందంటే ఆపింది నేను. నా దగ్గర ఇంకే పప్పులూ ఉడకవు. వరసగా కొన్నాళ్లు గంట మోగకుండా నడిపితే, ఇక నీ దారిన నువ్వు పోవచ్చు."

గంట ఆలోచన ఆమెది కాదు, వాళ్ల మేనమామది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆడపిల్లకి స్టీరింగేమిటని ఇంట్లో అందరూ మెటికలు విరిచినప్పుడు, తండ్రి లేని మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే. స్కూలు పెట్టినప్పుడు మొదటి కారుకి రెండో బ్రేకు బిగించి, దానికి గంట కట్టిందీ ఆయనే. అక్క ఆయన్ని నెత్తిన పెట్టుకుందంటే పెట్టుకోదా?

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం చుట్టాలింట్లో విందు తిని, పీకలదాకా తాగి, కారు తీశాడు. 'నేను తాగుతాను గానీ నా చేతులు తాగవు' అని ఆయనకో గొప్ప. వీధి మలుపు తిరిగాడో లేదో, సైకిలు మీద వెళ్తున్న లెక్కల టీచరమ్మని గుద్దేశాడు. ఆమె ప్రాణం దక్కింది. భుజం నుజ్జయింది.

కోర్టువాళ్లు ఆయన్ని కొన్నాళ్లు జైల్లో పెట్టారు, ఏడాదిపాటు లైసెన్సు తీసేసుకున్నారు. అక్కడితో వదల్లేదు. ఆ జడ్జిగారు ఒక మెలిక పెట్టారు. ఏడాది గడిచాక ఈయన మళ్లీ డ్రైవింగ్ స్కూల్లో చేరాలి. నేర్పినవాళ్లు కోర్టుకొచ్చి, ఇతన్ని రోడ్డు మీదికి వదలొచ్చని నోటితో చెప్పాలి. అప్పుడే లైసెన్సు. మా ఊళ్లో ఉన్నది ఒక్కటే స్కూలు. చుట్టరికం సంగతి జడ్జిగారు అడగలేదు, అక్క చెప్పలేదు.

ఆ లైసెన్సు కోసం ఆ ఇల్లంతా ఎదురుచూస్తోంది. మావయ్యగారి భార్యకి కిడ్నీలు పాడయ్యాయి. వారంలో మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ బస్సులో నిలబడలేదు. ఏడాదిగా ఆవిడని తీసుకెళ్లేది అక్కే. క్లాసులు మానుకుని, నేర్చుకునేవాళ్ల చేత మాటలు పడుతూ తీసుకెళ్లేది. మావయ్యగారికి లైసెన్సు వస్తే అందరికీ ఊపిరాడుతుంది. రావాలంటే అక్క ఒక్క మాట చెప్పాలి.

నాకు ఇదంతా భలే కుతూహలంగా ఉండేది. తాగి బండి నడిపినవాడికి అసలు ఏ శిక్ష వేస్తే సరిపోతుంది? కొలతలు ఇచ్చేటప్పుడు మనుషులు చేతులు చాపి బొమ్మల్లా నిలబడతారు కదా, పారిపోయే వీలుండదు. వచ్చినవాళ్లందర్నీ అడగడం మొదలుపెట్టాను. బేకరీ ఆయన బతికున్నంతకాలం స్టీరింగ్ ముట్టుకోనివ్వకూడదన్నాడు. పోస్టుమానేమో అలాంటివాడి బండి మీద పెద్ద అక్షరాలతో 'తాగి గుద్దినవాడు' అని రాయించాలన్నాడు. ఆయన్నే, మీ తమ్ముడైతే అని అడిగితే నీళ్లు నమిలాడు. ఒక నర్సమ్మ మాత్రం చాలాసేపు ఆలోచించి, "మా వార్డులో ఒక నెల మంచాలు సర్దమనండి. నేను దగ్గరుండి చేయిస్తా" అంది. అందరి నడుం కొలతలూ దొరికాయి గానీ, నా ప్రశ్నకి కొలత దొరకలేదు.

టీచరమ్మనీ అడిగాను. అది ప్రమాదం జరిగిన కొత్తలో. చేతికి కట్టు ఉంది, జాకెట్టులోకి చెయ్యి దూరడం లేదు. పక్క కుట్లు విప్పి, చంక దాకా బొత్తాలు పెట్టమని వచ్చింది. అడగొచ్చా అనిపించింది గానీ, నా నోరు ఊరుకుంటుందా?

ఆమె కోప్పడలేదు. "ఆయనకేం చేసినా నా చెయ్యి ముందటిలా అవదు కదండీ. శిక్ష సంగతి జడ్జిగారు చూసుకుంటారు. నాకు ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. అంతలా తాగి ఉన్న మనిషికి, ఆరోజు కారు తాళాలు ఎవరిచ్చారు?" అంది.

ఆ సాయంత్రం అక్క నా దుకాణంలో కూర్చుని ఉంటే ఈ మాట చెప్పాను. చెప్పాక నేను కూడా అన్నాను, "నిజమే కదక్కా, ఎవరిచ్చుంటారు?" అని. మిషను ఆగే ఉంది. ఎవరూ గబగబా మాట్లాడటం లేదు. అయినా అక్క కాలు నేలను తొక్కింది. నేను చూశాను, కానీ ఆ రోజున నాకేం వెలగలేదు.

ఏడాది తిరిగింది. మావయ్యగారు క్లాసులకి రావడం మొదలుపెట్టారు. అక్క పద్ధతి ఏమిటంటే, ఒకరు నడుపుతుంటే తర్వాతి క్లాసువాళ్లు వెనక సీట్లో కూర్చుని చూడాలి. ఆయన తర్వాతి క్లాసు నాది. కావాలనే ఆ వేళ అడిగి తీసుకున్నానని వేరే చెప్పాలా?

మొదటిరోజు ఆయన దర్జాగా కూర్చున్నారు. అద్దం సర్దుకున్నారు, సీటు వెనక్కి జరుపుకున్నారు. "ఏమ్మా, అ ఆల దగ్గర్నుంచి మొదలుపెడదామా?" అని మేనకోడల్ని ఆటపట్టించారు. కారు మెత్తగా కదిలింది. నాలుగు రోడ్ల కూడలి దగ్గరికి రాగానే ఖంగుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మార్కెట్ మలుపులో మళ్లీ ఖంగు. స్కూలుపిల్లలు రోడ్డు దాటే చోట ఇంకోసారి. తాగుడు మానేశారు, నిజమే. కళ్లూ బాగానే ఉన్నాయి. అయితే ఏళ్ల తరబడి అంత పెద్ద బస్సు నడిపిన మనిషి కదా, ఎదురుగా ఉన్నవాళ్లే తప్పుకుంటారన్న ధీమా ఆ కాలిలో ఇంకా ఉంది. బ్రేకు దాకా పోవడానికి దానికి బద్ధకం. క్లాసు అయ్యేసరికి ఆయన చేతులు స్టీరింగు మీద వణుకుతున్నాయి. దిగి, నేరుగా ఇంటికి నడిచిపోయారు.

మర్నాడు అక్క నా దగ్గరికి వచ్చి గుడ్డపేలిక ఒకటి అడిగింది, కారు అద్దం తుడవడానికట. బుట్టలోంచి ఆకుపచ్చ ముక్క తీసిచ్చాను.

ఆ రోజు నుంచి మావయ్యగారి క్లాసులో గంట మోగలేదు! కూడలి దగ్గరా మోగలేదు, మార్కెట్ దగ్గరా మోగలేదు. కారు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఆయన మొహం రోజురోజుకీ విప్పారింది. వెనక సీట్లో నేను నోరు వెళ్లబెట్టుకుని చూశాను. ఏడాదిపాటు కట్టేస్తే మనిషి దారికొస్తాడన్నమాట, నా ప్రశ్నకి జవాబు ఇదేనన్నమాట అనుకున్నాను. కొలతలకి వచ్చినవాళ్లందరికీ చిలవలు పలవలు చేర్చి చెప్పాను కూడా. బేకరీ ఆయనతో అయితే పందెం కాయబోయాను.

కోర్టుకి వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది. ఆ ముందు వారంలో ఒకరోజు, మావయ్యగారు దిగాక నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అక్క హడావిడిలో ఉంది, అత్తయ్యని ఆస్పత్రి నుంచి తీసుకురావాలి. సందులోంచి ఒక సైకిలు అడ్డంగా దూసుకొచ్చింది. నా కాళ్లు రెండూ కొయ్యబారిపోయాయి. కారు టక్కున ఆగింది. సైకిలతను నన్ను నాలుగు తిట్టి వెళ్లిపోయాడు.

నేను బ్రేకు తొక్కలేదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ గంట మోగలేదు.

"ఎవరాపారక్కా?" అన్నాను.

నేను వంగి ఆమె కాళ్ల వైపు చూశాను. గంట నోట్లో గుడ్డ కుక్కి ఉంది. ఆకుపచ్చ గుడ్డ. ఒకవైపు అంచు నా వంకర కత్తెరతో కత్తిరించింది, పళ్లు పళ్లుగా ఉంది. నా చేత్తో నేనిచ్చిన ముక్కే. మావయ్యగారి క్లాసు అయ్యాక రోజూ తీసేసేదట, ఆ రోజు కంగారులో మర్చిపోయింది.

నాకు కోపం వచ్చింది, దాచుకోను. "ఇన్నాళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశావక్కా! ఆయన బాగుపడ్డాడని ఊరంతా చెప్పొచ్చాను."

"ఆయన చేతులు వణకడం నువ్వు చూడలేదా? ఆ చేతులే నాకు నేర్పాయి. ఆయన కట్టిన గంటని ఆయన మీదే మోగించలేకపోయాను."

"మరి కోర్టులో ఏం చెప్తావు?"

"వదలొచ్చని చెప్తాను. అత్తయ్య పరిస్థితి చూస్తున్నావుగా."

"ఆయన బ్రేకు నువ్వు తొక్కుతున్నావు. రేపు ఆయన పక్కన నువ్వుంటావా?"

అక్క బయటికి చూస్తూ, నేను అడగకుండానే అంది. "టీచరమ్మ అడిగింది కదా, తాళాలెవరిచ్చారని. నేనే. ఆరోజు విందుకి వెళ్లింది నా కారులోనే. తాళాలు నా సంచిలో ఉన్నాయి. మావయ్య చెయ్యి చాపాడు. నోటినుంచి వాసన కొడుతోంది. అందరూ చూస్తున్నారు. గురువుకి నేను చెప్పేంతదాన్నా అనుకున్నాను. ఇచ్చేశాను."

అప్పుడు నాకు ఆ సాయంత్రం, ఆగి ఉన్న మిషను, నేలను తొక్కిన కాలు గుర్తొచ్చాయి. ఆరోజు తొక్కాల్సిన బ్రేకునే ఆమె అప్పటినుంచీ తొక్కుతోంది కాబోలు. గుడ్డ నేనే లాగి ఆమె ఒళ్లో పడేశాను.

మర్నాడు మావయ్యగారు ఈల వేసుకుంటూ వచ్చారు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. కూడలి వచ్చింది. ఖంగుమంది.

ఆయన ఉలిక్కిపడి కారు పక్కకి తీసి ఆపారు. "ఇదేంటి? ఇన్నాళ్లూ మోగలేదే?"

"మోగకుండా గుడ్డ కుక్కాను మావయ్యా."

"అంటే ఇన్నాళ్లూ నడిపింది నేను కాదా?"

"నడిపింది నువ్వే. ఆపింది నేను."

"కాలి కింద పెడలు ముందే దిగిపోతుంటే, నా కాలే అనుకున్నానే!" ఆయన గొంతు పెద్దదైంది. "నేను కట్టిన గంటకే గుడ్డ పెడతావా? నన్ను వెనకేసుకు రమ్మని నిన్నెవరడిగారు?"

"ఆరోజూ అడగలేదు. ఆరోజు కూడా వెనకేసుకొచ్చాను. తాగావు, తాళాలు ఇవ్వనని ఒక్క మాట అనలేకపోయాను."

"అని ఉంటే నలుగురి ముందూ నీ చెంప పగలగొట్టేవాణ్ణి!"

"పగిలితే పగిలేది మావయ్యా. టీచరమ్మ భుజం పగిలేది కాదు కదా."

వెనక నుంచి ఎవరో హారన్ కొడుతున్నారు. ఆయన తలుపు తీసుకుని దిగారు. వెళ్లిపోతారేమో అనుకున్నాను. కారు చుట్టూ తిరిగొచ్చి, వెనక తలుపు తీసి నా పక్కన కూర్చున్నారు. "పద, మీ అత్తయ్యకి వేళవుతోంది" అన్నారు.

కోర్టుకి నేనూ వెళ్లాను. దుకాణం మూసి మరీ వెళ్లాను, అది మాత్రం ఎలా వదులుకుంటాను? జడ్జిగారు పెద్దావిడ, కళ్లజోడు మీదనుంచి చూసే రకం. "ఇతన్ని రోడ్డు మీదికి వదలొచ్చా?" అని అడిగారు.

"ఇంకా వదలకూడదండీ," అంది అక్క. "ఇంకో మాట కూడా చెప్పాలి. ఈయన మా మేనమామ. అది ముందే చెప్పాల్సింది. ఆరోజు తాగి ఉన్నాడని తెలిసే తాళాలు ఇచ్చాను. ఇప్పుడు ఈయన బ్రేకు నేను తొక్కి, ఈయనే తొక్కాడని మిమ్మల్ని నమ్మించబోయాను. అందుకని నా మాట మీద ఎవరికీ లైసెన్సు ఇవ్వకండి."

మావయ్యగారు ఎవరూ పిలవకుండానే లేచారు. "అడిగింది నేనండీ. తాగిందీ నేనే, నడిపిందీ నేనే. తాళాలిచ్చింది కదా అని నా శిక్షలో దానికి వాటా పంచకండి."

"పంచను లెండి," అన్నారు జడ్జిగారు. "ఎవరిది వాళ్లకి సరిపోయేంత ఉంది."

ఆయనకి ఇంకో ఏడాది లైసెన్సు లేదన్నారు. ఆ తర్వాత పక్క ఊరి స్కూల్లో, ఏ చుట్టరికమూ లేనివాళ్ల దగ్గర నేర్చుకుని రమ్మన్నారు. అక్క స్కూలు మూడు నెలలు మూసేయమన్నారు. బయటికొచ్చాక ఇద్దరూ మెట్ల మీద నిలబడి, ఈ వారం అత్తయ్యని ఏ వేళకి తీసుకెళ్లాలో మాట్లాడుకున్నారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ కథ చెప్పేదాన్ని కాదేమో. ఆ మధ్యాహ్నమే టీచరమ్మ నా దుకాణానికి వచ్చింది, కొత్త జాకెట్టు కుట్టించుకోవడానికి. బొత్తాల జాకెట్లతో విసుగెత్తిందట. నేను టేపు తీస్తుండగా తలుపు దగ్గర అక్క కనిపించింది. టీచరమ్మ ఇక్కడికి వస్తోందని అక్కకి నేనే చెప్పాను, ఒప్పుకుంటున్నాను.

అక్క చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "టీచరమ్మా, తాళాలు ఎవరిచ్చారని మీరు అడిగారట. నేనిచ్చాను. తెలిసే ఇచ్చాను. అప్పుడే వచ్చి చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు. క్షమించమని అడగడానికి రాలేదు. మీరు అడిగినదానికి జవాబు బాకీ పడ్డాను, అందుకని వచ్చాను."

టీచరమ్మ ఆమె వైపు తిరిగింది. "రేపు ఇంకెవరైనా అలా అడిగితే?"

"ఇవ్వను."

"మీ గురువే అడిగితే?"

"ఇవ్వను."

"సరే," అంది టీచరమ్మ. కిటికీలోంచి వీధిలోకి చూసింది. రోడ్డుకి అవతల, మూసేసిన స్కూలు తలుపు దగ్గర మావయ్యగారు నిలబడి ఉన్నారు. "ఆయన అక్కడే ఎందుకు నిలబడ్డారు? లోపలికి రమ్మనండి. మీ మాట మీరు చెప్పారు, ఆయన మాట ఆయన చెప్పుకోవాలి కదా."

ఆయన వచ్చారు. ఏదో చెప్పాలని దారిపొడవునా కూడబలుక్కున్నట్టే ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి. టీచరమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగి, "ముందు మీ పని కానివ్వండి" అంది.

నేను అలవాటుగా అనేశాను. "రెండు చేతులూ పైకెత్తండి."

ఒక చెయ్యి పైకి లేచింది. రెండోది భుజం దాకా కూడా రాకుండా ఆగిపోయింది. ఆమె ఇంకొంచెం ప్రయత్నించింది. చెయ్యి వణికింది, మెడ నరాలు బిగుసుకున్నాయి, అంతకుమించి లేవలేదు. నేను టేపు పట్టుకుని నిలబడిపోయాను. అక్క కాలు నేలను గట్టిగా తొక్కింది. మావయ్యగారి పెదాలు ఆగిపోయాయి. ఆయన ఆ చెయ్యి వైపే చూస్తూ నిలబడ్డారు. కళ్లు తిప్పుకోవాలనిపించి ఉంటుంది, తిప్పుకోలేదు.

అప్పుడు టీచరమ్మ ఆయన వైపు తిరిగింది. "బోర్డు మీద రాసేది ఈ చేత్తోనే. ఇప్పుడు పైన సగం ఖాళీగా ఉంటుంది, కింద సగంలోనే లెక్కలు చెప్తున్నాను. అది మీకు తెలియాలి, అంతే" అంది.

ఆయన తల ఊపారు. నేను ఇంకా కదల్లేదని చూసి, ఆమె నాతో అంది. "కొలవండి. ఎంతవరకు లేస్తే అంతవరకే కుట్టండి."